కొలువులోనే చొరవ: యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

కీసరగుట్టపై రామలింగేశ్వరస్వామిని దర్శించి దిగివచ్చు యాత్రికుడు నైరుతిదిశగా నగరమువైపు సాగినచో, చర్లపల్లి, మల్లాపురము, నాచారము, ఉప్పలు అను నూళ్లు ఒకదానితో నొకటి కలిసిపోయి కర్మాగారముల వాడలుగా మాఱియుండుట కన్నులార చూడగలడు. ఒకప్పుడు చేలుగా నుండిన భూములలో నేడు మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారగుచున్నవి. మేడలలో కంప్యూటర్లముందు కూర్చుండి దూరదేశపు కంపెనీలకు పనిచేయువారును పెక్కుమంది కలరు. భూములమ్ముకొన్న కుటుంబములలో కొందఱు యజమానులైరి. వారికంటె మిక్కిలి యెక్కువమంది జీతగాండ్రైరి.

ఇట్టి సంస్థల యజమానులనోట తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. తమ మనుష్యులు చెప్పిన పని చేయుదురేగాని, చెప్పని పనిని తమంతట తాము తలపెట్టరని వారందురు. ఆ కర్మాగారములోనే పనిచేయు యువకుని నడిగినచో మఱియొక మాట వినవచ్చును. క్రొత్త యాలోచన చెప్పినవానికి నీ పని నీవు చూచుకొమ్మను సమాధానమే దక్కుననియు, పొరపాటు జరిగినచో దండన తనకు, మేలు జరిగినచో పేరు పైవారికి పోవుననియు అతడు చెప్పును. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఐతే ఈ రెండవ నిజమే మొదటిదానికి కారణమని మా యభిప్రాయము. దీనిని వాదముచే నిరూపింప బూనుటకంటె, జీవితమంతయు జీతముపైననే పనిచేసి, సొంత కంపెనీ యనునది లేకయే లోకమునకు నూతనౌషధముల నొసగిన యొక తెలుగువాని చరిత్రము చెప్పుట మేలని తలచితిమి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఇల్లు గడచుట కష్టముగానే యుండెను. పదుమూడేండ్ల ప్రాయమున సుబ్బారావు చదువు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వెడలెననియు, దారిలోనుండియే ఆతనిని వెనుకకు తెచ్చిరనియు చెప్పుదురు. తల్లి పట్టుబట్టి మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమున చదువు సాగలేదు. చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి మూడవమాఱు పరీక్షకు కూర్చుండినగాని మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. మార్కుల పట్టికనుబట్టియే మనుష్యుల నేఱుకొను కంపెనీలవారు ఈ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనవచ్చును.

పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణమఠమున చేరగోరిరి. తల్లి సమ్మతింపలేదు, తల్లి సమ్మతిలేనిదే మఠమువారును చేర్చుకొనలేదు. వైద్యము నేర్చినచో ప్రజాసేవకు ఉపకరింపవచ్చునను నాశతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. స్నేహితులును, పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. ఆ దినములలో గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచుండెను. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టిన యంగీనే తొడిగికొని శస్త్రచికిత్సాలయమున నిలిచిరి. శస్త్రవైద్యాచార్యుడైన దొరకు అది గిట్టలేదు. తక్కిన పరీక్షలలో నెట్లు నెగ్గినను, తుదకు ఆయనకు దక్కినది ఎం.బి.బి.యస్. పట్టము కాదు, దానికంటె తక్కువదైన ఎల్.యం.యస్. మాత్రమే. మద్రాసు ప్రభుత్వ వైద్యోద్యోగమునకు చేసిన ప్రయత్నమును ఫలింపలేదు. ఖద్దరు తొడిగినందుకు చెల్లించిన మూల్యమిది. ఆయన దానిని విడిచినవారు కారు.

ఇంతలో ఇంటిలో పిడుగు పడెను. సంగ్రహణివంటి స్ప్రూ యను ఉష్ణదేశపు వ్యాధిచే ఇరువురు సోదరులు దినముల వ్యవధిలోనే మరణించిరి. తిన్న యన్నము వంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి శల్యమై చచ్చు ఆ రోగమునకు అప్పటికి మందు లేదు. సుబ్బారావుగారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు మన వైద్యమునందేమైన మార్గముండునాయని వెదకిరి. ఐనను ఉష్ణదేశ వ్యాధులను ప్రత్యేకముగా నేర్పు చోటు హార్వర్డు విశ్వవిద్యాలయమున కలదని విని, అచటికి పోవ నిశ్చయించిరి. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థవారును ధనమిచ్చిరి. ఒక తెలుగు ధనికుని ధర్మము ఇట్లు ఎవ్వరు నూహింపని పంటకు విత్తనమయ్యెను. 1923 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే నిలిచిపోయిరి. తరువాత పుట్టిన బిడ్డ శైశవముననే పోయెను; తండ్రి ఆ బిడ్డ మొగము చూడనేలేదు.

హార్వర్డులో పదునేడేండ్లు గడచెను. మొదట పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు కూలిపని. తరువాత సైరస్ ఫిస్కే యను ఆచార్యునితో కలిసి జీవరసాయనశాస్త్రమున కృషి చేసిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరము నెంత యున్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని వీరిరువురు 1925 లో ప్రకటించిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని దానిని జీవరసాయన విద్యార్థులు నేటికిని నేర్చుచున్నారు. ఆ కొలబద్దతోనే కండరములను శోధించి 1927 లో ఫాస్ఫోక్రియాటినును, 1929 లో ఏ.టి.పి. యను పదార్థమును కనుగొనిరి. జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును అదే యేడు ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. కండరము కదలుటకు వలయు శక్తి యెచటినుండి వచ్చుననుటకు అంతకుముందు శాస్త్రజ్ఞులు చెప్పుచుండిన సిద్ధాంతము దీనితో తలక్రిందయ్యెను. 1930 లో ఆయనకు డాక్టరు పట్టము లభించెను. శాశ్వతమైన ఆచార్యపదవి మాత్రము లభింపలేదు. ప్రతి యేడును ఈ యేడు మాత్రమే యను కొలువు.

వ్యవసాయదారులైన మా పాఠకులకు దీనిని వేఱుగా వివరింప నక్కఱలేదు. ఏడాది కౌలుకు భూమి తీసికొన్నవాడు పెంటయెరువు తోలడు, బావి త్రవ్వడు, మామిడిమొక్క నాటడు. అతడు సోమరియైనందున కాదు. నాటినవానికి కాయ దక్కునను నమ్మకము లేనందున. పదేండ్ల పట్టా చేతికిచ్చి చూడుడు, ఆ మనుష్యుడే తెల్లవాఱకముందు చేలో నుండును. చొరవ లేదని మనము నిందించు గుమాస్తా, రసాయనజ్ఞుడు, ఇంజనీరు, వీరెల్లరు చాలవఱకు ఏడాది కౌలుదారులే.

సుబ్బారావుగారికి దీర్ఘమైన కౌలునిచ్చినది విద్యాపీఠము కాదు, ఒక వ్యాపార సంస్థ. న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను చిన్న యూరిలో లెడర్లె ప్రయోగశాల యుండెను. న్యూయార్కు నగరపు ఆరోగ్యాధికారిగా పనిచేసిన ఎర్నెస్ట్ లెడర్లె దానిని 1906 లో స్థాపించెను. గుఱ్ఱముల రక్తమునుండి డిఫ్తీరియావంటి వ్యాధులకు విఱుగుడు సీరము తీయుట దాని మొదటి వ్యాపారము. 1930 లో అమెరికన్ సయనమిడ్ అను పెద్ద రసాయన కంపెనీ దానిని కొనెను. అనగా 1940 లో సుబ్బారావుగారు అందు చేరునాటికి అది పాతబడిన సంస్థ. దాని సరకు నిశ్చితము, దాని ఖాతాదారులు నిశ్చితము. ఇట్టి చోట వచ్చిన క్రొత్త యుద్యోగి ఉన్న సరకును కొంచెము చౌకగా తయారుచేయు మార్గము చూపిన చాలును, మెప్పు దొరకును. సుబ్బారావుగారు అట్లు చేయక, సంస్థ యెన్నడును చేయని పనులలోనికి దానిని నడిపించిరి. రెండేండ్లలో పరిశోధనశాఖకు అధ్యక్షులైరి.

ఆయన చిరకాలముగా వెదకుచుండినది కాలేయములోని గుణమును. ప్రమాదకరమైన యొకవిధపు పాండురోగమునకు కాలేయము తినిపించినచో రోగి బ్రదుకునని మైనట్, మర్ఫీ యను వైద్యులు 1926 లో చూపి, 1934 లో నోబెలు బహుమానము నందియుండిరి. కాలేయమునందలి యే పదార్థము ఆ పని చేయుచున్నదో తేలవలసియుండెను. హార్వర్డులో మొదలిడిన యా వెదకులాటను సుబ్బారావుగారు తమవెంట లెడర్లెకు తెచ్చిరి. మన దేశముననే లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతకు ఈస్టు సారము పనిచేయుటను 1931 లో ప్రకటించియుండెను. ఈ దారులన్నియు ఫోలిక్ ఆమ్లమువద్ద కలిసికొనెను. 1945 లో లెడర్లె శాస్త్రజ్ఞులును, అదే కంపెనీకి చెందిన కాల్కో యను మఱియొక శాఖవారును కలిసి దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసి ప్రకటించిరి. ఆ ప్రకటనక్రింద పదునాఱుగురి పేర్లు కలవు. అధ్యక్షుని పేరు మొదట లేదు, చివర లేదు. అక్షరక్రమమున నడుమనెచటనో సుబ్బారావు అని యున్నది.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదము. సుబ్బారావుగారు వెదకినది ఆ ప్రమాదకర పాండురోగమునకు మందు. ఫోలిక్ ఆమ్లము దానికి సరియైన మందు కాలేదు. ఆ మందు బి 12 అను విటమిను. దానిని 1948 లో మెర్క్ కంపెనీవారును, ఇంగ్లాండున గ్లాక్సోవారును వేఱుచేసిరి. లెక్కలు చూచు గుమాస్తా దృష్టితో చూచినచో, ఇన్నేండ్ల ప్రయత్నము గుఱి తప్పినదని కొట్టివేయవలసినదే. కాని ఫోలిక్ ఆమ్లము మఱియొక రోగమునందలి రక్తహీనతను అద్భుతముగా కుదిర్చెను. ఆ రోగము స్ప్రూ. సోదరులను మ్రింగిన వ్యాధికి మందు వెదకుచు సముద్రము దాటిన మనుష్యునికి, వేఱొక దానిని వెదకుచుండగా అది చేతికి వచ్చెను. నేడు మన పల్లెలలో గర్భవతులకు ఆశా కార్యకర్తలు పంచు ఇనుపధాతువు మాత్రలో కలిసియున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భారంభమున దానిని తీసికొన్నచో శిశువునకు వెన్నెముక లోపములు చాలవఱకు తప్పునని 1991 లో ప్రకటితమైన పరిశోధన నిరూపించెను.

గుఱి తప్పిన బాణము మఱింత దూరము పోయెను. బోస్టనులోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ల్యుకీమియా యను రక్తపు కాన్సరుతో చనిపోవుచున్న పిల్లలకు, లెడర్లెవారు పంపిన ఫోలిక్ ఆమ్లసంబంధమైన పదార్థముల నిచ్చి చూచెను. రోగము తగ్గుటకు మాఱుగా హెచ్చినట్లు తోచెను. దీనిని తప్పుగా నెంచి మూసిపెట్టవచ్చును. వారట్లు చేయలేదు. పోషించునది రోగమును పెంచుచున్నచో, దానికి ప్రతికూలమైనది రోగమును కుంగదీయునుగదాయని తలచిరి. సుబ్బారావుగారి మనుష్యులు ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను వరుసగా తయారుచేసి పంపిరి. వానిలో అమినాప్టెరిన్ అనుదానిని పదునాఱుగురు పిల్లలకీయగా, పదిమందికి కొంతకాలము రోగము వెనుకకు తగ్గెనని ఫార్బరు 1948 లో ప్రకటించెను. అది తాత్కాలికమైన ఉపశమనమే. కాని ఆ వ్యాధికి రసాయనౌషధము పనిచేయునని లోకము అంతకుముందు నమ్మియుండలేదు. ఆ వరుసలోనిదే మెథొట్రెక్సేటు. నేడు కాన్సరుకును, కీళ్లవాతమునకును వైద్యులు వాడుచున్న యీ మందు మన దేశమునను విరివిగా తయారగుచున్నది.

తక్కిన రెండింటిని క్లుప్తముగా చెప్పెదము. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములలో అమెరికా సైనికులకు బోదవ్యాధి సోకగా, దానికి మందు వెదకుడని సుబ్బారావుగారు తమ శాఖలో పని పురికొల్పిరి. 1947 లో హెట్రజాన్ వెలువడెను. దీనికే డై ఇథైల్ కార్బమజీన్ అని పేరు. గోదావరి మండలములందు బోదకాలు నెఱుగని యూరు లేదు; ఆ మండలమున పుట్టినవాని శాఖనుండియే ఆ మందు వచ్చుట గమనింపదగినది. నేటికిని ప్రభుత్వమువారు ఇంటింట మ్రింగించు బోదకాలు మాత్ర యిదియే. ఇక ఆరియోమైసీను సంగతి. విశ్వవిద్యాలయమునుండి వృద్ధాప్యముచే విరమించిన బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు డెబ్బదేండ్లు దాటిన పిదప 1944 లో లెడర్లెలో చేరెను. దేశము నలుమూలలనుండి మట్టి తెప్పించి అందలి బూజులను పరీక్షించుట ఆయన పని. మిస్సోరీలోని యొక విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె బూజు దొరకెను. దానినుండి పుట్టిన ఆరియోమైసీను 1948 లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లీనులను సూక్ష్మజీవినాశక వర్గమునకు అదియే మొదటిది. నేడు మందులదుకాణములో దొరకు డాక్సీసైక్లీను ఆ కుటుంబములోనిదే. డెబ్బది దాటినవానికి ఉద్యోగమిచ్చి మట్టి వెదకించు యజమాని మన ప్రాంతమున నొక్కడైన కలడా?

లెడర్లెవారు ధర్మాత్ములని మేము చెప్పబోము. వారు వ్యాపారులు, లాభము నాశించిరి, లాభము పొందిరి. 1949 లో ఆరియోమైసీనుపై వచ్చిన పేటెంటు డగ్గరు పేరుననే యున్నను హక్కు అమెరికన్ సయనమిడ్ కంపెనీదే. ఐనను కాలేయముకొఱకు వెచ్చించిన ధనమునకు ఆ సంవత్సరముననే ఫలమేదియని వారు పీకలపై కూర్చుండలేదు. మెచ్చవలసినది ఈ యొక్క గుణమును. శాఖల నడుమ గోడలు లేనందుననే లెడర్లెవారును కాల్కోవారును ఒక ప్రకటనక్రింద వ్రాలు చేయగలిగిరి. మిన్నెసోటా రాష్ట్రమునందలి 3 ఎమ్ అను కంపెనీ తన సాంకేతికోద్యోగులు పనివేళలో నూటికి పదునైదు పాళ్లు తమకు తోచిన ప్రయోగములకు వినియోగించుకొనవచ్చునను నియమమును ఆ 1940 దశకపు చివరనే యేర్పఱచెనని చెప్పుదురు. ఇప్పుడు కార్యాలయములలో పెద్ద పేర్లతో ఉపన్యాసములిప్పించుచు, గోడలకు అట్టలు తగిలించుచు నున్న పద్ధతికంటె, ఇది యెంతో తేలికయైన యేర్పాటు. వారమునకు ఆఱు దినముల పనిలో ఒక దినముకంటె తక్కువ.

మన నగరముననే దీనికి మఱియొక ప్రక్క కలదు. 1961 లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను ప్రభుత్వ సంస్థ బాలానగరమున మందుల కర్మాగారము పెట్టెను. అందు పని నేర్చిన చురుకైనవారు పలువురు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టిరి. 1984 లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు వారిలో నొకరు. హైదరాబాదు దీనివలన ఔషధపరిశ్రమకు కేంద్రమయ్యెను, సంతోషమే. ఐతే వారిని పెంచిన సంస్థ క్రమముగా క్షీణించెను. ఆ క్షీణతకు ఇతర కారణములును పెక్కు కలవు. కాని చొరవగలవాడు బయటికి పోయినగాని తన చొరవ చూపలేని యిల్లు ఎంతకాలము నిలుచును? నాచారమునను ఉప్పలునను గల ప్రతి యజమానియు తన కర్మాగారమునుండి గడచిన పదేండ్లలో వెడలిపోయినవారి పేర్లు ఒక కాగితముపై వ్రాసికొని, వారిప్పుడేమి చేయుచున్నారో విచారించి చూచుట మంచిది.

సుబ్బారావుగారి విషయమున మాకు నచ్చని దొక్కటి కలదు. ఆయన తన పేరును తానే మఱుగుపఱచుకొనిరి. తన క్రింద పనిచేసినవారిని ముందుకు నెట్టి తాను వెనుక నిలుచుట గొప్ప గుణమే; యువకులు దానివలననే ఆయనకొఱకు ప్రాణము పెట్టి పనిచేసిరి. కాని దానివలన కీర్తిధనములు రెండును సంస్థకును, ఇతరులకును పోయి, ఆయన పేరు స్వదేశముననే పలువురికి తెలియకపోయెను. ఉద్యోగి వినయశీలియైనంత మాత్రమున అతనికి రావలసిన పేరునీయు బాధ్యత యజమానికి తప్పదు. అమెరికా చట్టము చాలకాలము భారతీయులకు పౌరసత్వము నిషేధించెను; 1946 లో ఆ యడ్డు తొలగినను ఆయన ఆ దేశపు పౌరులు కాలేదు. స్వదేశమునకు మరల రాలేదు కూడ. ఇరువదియైదేండ్లు శేషగిరిగారు ఎదురుచూచుచునే యుండిరి. మందులు గెలిచిన కథలో ఈమె లెక్కకు రాకుండుట మాకు బాధాకరముగా తోచుచున్నది.

1948 ఆగస్టులో, ఆరియోమైసీను వెల్లడియైన కొలదివారములకే, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడు. ఆయనకంటె ఇరువదిరెండేండ్లు పెద్దవాడైన డగ్గరు 1956 వఱకు జీవించెను. 1953 లో మురుగునీటిని వడగట్టు తొట్లలో పెరుగు క్రొత్త బూజు నొకదానిని కనుగొనిన శాస్త్రజ్ఞుడు దానికి సుబ్బారోమైసిస్ అని పేరిడెను. శతజయంతి సందర్భమున 1995 లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించెను.